గ్యారేజీలో బీరు... గోడమీద ‘స్టార్టరు’!

డాలస్ శివార్లలోని ఓ ఇల్లు. శనివారం పొద్దున ఏడయ్యేసరికి గ్యారేజీలోంచి కారు బయటికొచ్చి వీధిలో నిలబడుతుంది. దాని స్థానంలో మూడు పెద్ద స్టీలు గుండిగలు వరసగా చేరతాయి. ఒక్కోటీ మన పెళ్లిళ్లలో సాంబారు కాచేంత! వాటికి కుళాయిలు, గొట్టాలు, మధ్యలో చిన్న పంపు. గోడమీద మాత్రం ఓ ఇనప డబ్బా... ఎర్ర బటన్లు, పచ్చ లైట్లు, మెరిసే అంకెలు, తాళంచెవితో తిప్పే స్విచ్చి. కొత్తగా చూసినవాళ్లు ఏ రైస్‌మిల్లు కంట్రోల్ ప్యానెలో అనుకుంటారు.

అది మా మేనల్లుడి బీరు ఫ్యాక్టరీ. ‘ఫ్యాక్టరీ ఏమిటి మావయ్యా, హాబీ’ అంటాడు వాడు. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చునే ఉద్యోగం. చేత్తో ఏదైనా చెయ్యాలన్న యావతో నాలుగేళ్ల కిందట మొదలుపెట్టాడు. ముందు గ్యాస్ పొయ్యి. తర్వాత కరెంటు. ఆ కరెంటు దగ్గరే కథ అడ్డం తిరిగింది. వాళ్ల నాన్న, అంటే మా బావగారు, ఆర్నెల్లు ఉండిపోదామని అక్కడికి వెళ్లకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఇంతకీ ఇది నేరం కాదా?

చాలామందికి వచ్చే మొదటి సందేహం ఇదే. అమెరికాలో కాదు. 1920 నుంచి 1933 దాకా అక్కడ మద్యనిషేధం ఉండేది. అది ఎత్తేశాక ఇంట్లో ద్రాక్షసారా చేసుకోవడానికి అనుమతిచ్చారు కానీ, బీరు సంగతి వదిలేశారు. 1978లో జిమ్మీ కార్టర్ అధ్యక్షుడిగా సంతకం చేసిన చట్టంతో ఆ వెలితి తీరింది. ఇంట్లో ఒక్కరే పెద్దవాళ్లుంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు (దాదాపు 757 లీటర్లు) పన్ను కట్టకుండా చేసుకోవచ్చు. అమ్మకూడదు. అయినా రాష్ట్రాలకు వాటి చట్టాలు వాటికున్నాయి. చిట్టచివరగా అలబామా, మిసిసిపీ ఒప్పుకున్నది 2013లో! ఇలా ఇంట్లో మొదలెట్టినవాళ్లే తర్వాత పెద్ద కంపెనీలు పెట్టారు. కాలిఫోర్నియాలోని చికోలో పాత డెయిరీ సామాన్లతో కెన్ గ్రాస్‌మన్ మొదలెట్టిన సియెరా నెవాడా అలాంటిదే.

మన దగ్గర మాత్రం ఆ ముచ్చట కుదరదు. లైసెన్సు లేకుండా మద్యం తయారుచేస్తే ఎక్సైజు చట్టం కింద నేరం. హైదరాబాద్‌లో కనిపించే మైక్రోబ్రూవరీలన్నీ లైసెన్సుతో నడిచేవే. కాబట్టి ఇది చదివి పెరట్లో గుండిగ ఎక్కించకండి. ఈ కథలో మనకు పనికొచ్చేది బీరు కాదు, ఆ గోడమీది డబ్బా.

రాగి మాల్ట్ చుట్టమే!

అసలు బీరుకు కంట్రోల్ ప్యానెల్ ఎందుకు? పొయ్యిమీద పెట్టి కాచేస్తే పోదా? పోదు. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి పిండి పట్టిస్తే అది చంటిపిల్లలకు మనం పెట్టే రాగి మాల్ట్. బార్లీకీ దాదాపు ఇదే వైభోగం చేస్తారు. గింజ మొలకెత్తినప్పుడు అందులో అమైలేజులనే ఎంజైములు తయారవుతాయి. గింజలోని పిండిని చక్కెరగా మార్చే పని వాటిది. నూకలా మరపట్టిన ఆ గింజల్ని వేణ్నీళ్లలో గంటసేపు నానబెడితే తియ్యటి కషాయం దిగుతుంది. దాన్ని వడగట్టి, హాప్స్ అనే చేదు పూలు వేసి మరో గంట మరిగించి, చల్లార్చి, ఈస్టు కలుపుతారు. మిగతా పని ఈస్టు చూసుకుంటుంది.

చిక్కంతా ఆ ‘వేణ్నీళ్ల’ దగ్గరే. 63 డిగ్రీల దగ్గర ఒక ఎంజైము చురుగ్గా ఉంటుంది, 70 దగ్గర ఇంకొకటి. మొదటిది ఎక్కువ పనిచేస్తే బీరు పల్చగా, తీపి లేకుండా వస్తుంది. రెండోది చేస్తే చిక్కగా, కాస్త తియ్యగా వస్తుంది. ఇంకో పది డిగ్రీలు పెరిగిందా, రెండూ చచ్చి ఊరుకుంటాయి. మావాడు 67 కావాలంటాడు. నలభై లీటర్ల గుండిగను గ్యాస్‌మీద గంటసేపు 67 దగ్గర నిలబెట్టడం ఎంత కష్టమో పాలు కాచే ఆడవాళ్లనడిగితే చెబుతారు. పైగా మూసిన గ్యారేజీలో గ్యాస్ మండిస్తే కార్బన్ మోనాక్సైడ్ భయం. తలుపులు తెరిస్తే జనవరి చలి. అందుకే కరెంటు.

ఆ డబ్బాలో ఉండే చిన్న కంట్రోలర్ పేరు పీఐడీ. అదేదో బ్రహ్మవిద్య అనుకోకండి. పాలగిన్నె ముందు నిలబడ్డ అమ్మ ఏం చేస్తుందో అదీ అదే చేస్తుంది. పాలు కాగడానికి ఇంకా ఎంత వేడి కావాలో చూసి మంట పెడుతుంది. ఎంతసేపు గడిచినా కాగడంలేదంటే ఇంకాస్త పెంచుతుంది. గబగబా పైకొస్తున్నాయనుకోండి, పొంగకముందే తగ్గిస్తుంది. ‘ఎంత తేడా, ఎంతసేపటి నుంచి, ఎంత వేగంగా’ అన్న ఈ మూడు లెక్కల్నే 1922లో నికొలస్ మినోర్‌స్కీ ఓడ చుక్కాని తిప్పడం కోసం గణితంగా రాశాడు. ఇప్పుడవే బీరు గుండిగలోకి వచ్చాయి.

గుండిగలో ప్లాటినం తీగతో చేసిన ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది. సున్నా డిగ్రీల దగ్గర దాని నిరోధం 100 ఓమ్‌లు, వంద డిగ్రీల దగ్గర 138.5. కంట్రోలర్ ఆ తేడా చూసి వేడి లెక్కగట్టి, సాలిడ్ స్టేట్ రిలే అనే అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద బిళ్లకు సైగ చేస్తుంది. టకటకమనే కదలికలేవీ లేకుండా అది కరెంటును క్షణాల్లో వదులుతూ ఆపుతూ ఉంటుంది. గుండిగ లోపలి హీటరు 5,500 వాట్లది. నలభై లీటర్ల నీళ్లను 20 డిగ్రీల నుంచి 67కి తేవడానికి పాతిక నిమిషాలు చాలు.

రెండు తీగల్లోనూ వెలుగే!

మా బావగారు కరెంటు ఆఫీసులో హెల్పరుగా చేరి లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యారు. మనిషి మందు ముట్టరు. కొడుకు ఇంట్లో బీరు కాస్తున్నాడని తెలిసి మొదటి రెండ్రోజులూ మొహం మాడ్చుకునే ఉన్నారట. మూడోరోజు గ్యారేజీలోకి తొంగిచూసి, డబ్బా తలుపు తెరిచి, ‘ఒరేయ్, ఇది మన బోరు స్టార్టరే కదరా!’ అన్నారు.

ఆయన అన్నదాంట్లో తప్పులేదు. పొలంలో మోటారు దగ్గర ఆకుపచ్చ బటన్ నొక్కితే టక్కున అతుక్కునేది కాంటాక్టర్. ఇక్కడా అదే. కరెంటు పోతే అది ఊడిపోతుంది. తిరిగొచ్చినా ఎవరో ఒకరు బటన్ నొక్కితే తప్ప మోటారు తిరగదు. (దానికి విరుగుడుగా మన రైతులు ఆటో స్టార్టర్లు పెట్టుకోవడం, 2018లో 24 గంటల కరెంటు మొదలయ్యాక వాటిని తీసెయ్యమని తెలంగాణ ప్రభుత్వం ఊరూరా చెప్పాల్సిరావడం మనకు తెలిసిందే.) బీరు ప్యానెల్‌లో ఆ జాగ్రత్త ఇంకా అవసరం. గుండిగలో నీళ్లు లేనప్పుడు హీటరు తనంతట తాను వెలిగితే నిమిషాల్లో మాడిపోతుంది.

బావగారు జేబులోంచి టెస్టర్ తీశారు. ఇండియా నుంచి పెట్టెలో వేసుకెళ్లారు మరి! నల్ల తీగకు పెడితే వెలిగింది. ఎర్ర తీగకు పెడితే అదీ వెలిగింది. ఆయన గతుక్కుమన్నారు. మన పాత వైరింగులో నల్ల తీగంటే న్యూట్రల్. అమెరికాలో నల్లదీ ఎర్రదీ రెండూ లైవే. న్యూట్రల్ తెల్లది. స్తంభం మీది ట్రాన్స్‌ఫార్మర్‌ను నడిమధ్యలో చీల్చి అక్కణ్నుంచి న్యూట్రల్ తీస్తారు. అటొక 120 వోల్టులు, ఇటొక 120. లైట్లకీ పంపులకీ ఒక పక్క తీగ, తెల్ల తీగ కలిపితే 120. హీటర్ల లాంటి బరువైనవాటికి రెండు పక్కలూ కలిపితే 240.

‘అయితే నీ రిలే ఏ తీగను ఆపుతోంది?’ అని అడిగారాయన.

‘నల్లదాన్ని’ అన్నాడు మావాడు.

‘మరి ఎర్రదో?’

జవాబు లేదు. రిలే ఆగినా, తెరమీద ‘ఆఫ్’ అని కనిపిస్తున్నా, హీటరు రెండో కొసకు 120 వోల్టులు వస్తూనే ఉన్నాయన్నమాట. స్విచ్చి ఆపాం కదా అని గుండిగ తోమడానికి చెయ్యి పెట్టేవాడి గతేమిటి? ఇంకోటుంది. ఈ రిలేలు చెడిపోతే సాధారణంగా ‘ఆన్’లోనే బిగుసుకుపోతాయి. 23 ఆంపియర్లు పారుతుంటే ఆ చిన్న బిళ్ల పాతిక వాట్లకు పైనే వేడి పుట్టిస్తుంది. డబ్బా బయటికి అల్యూమినియం రెక్కలు పెట్టి ఆ వేడిని వదిలించకపోతే త్వరగా పోతుంది. అందుకే రెండు తీగల్నీ ఒక్కసారే తెంచే కాంటాక్టర్ హీటరుకు విడిగా ఉండాలి. మావాడికి ఒకే కాంటాక్టర్ ఉంది. అదీ పంపుకు!

నిజం చెప్పిన యంత్రాన్ని ఊడబీకాడు

అసలు సంగతి కోడలు నోటివెంట బయటపడింది. ‘మావయ్యగారూ, నెల కిందట గుండిగ కుళాయి ముట్టుకుంటే నాకు చురుక్కుమంది. చలికాలం కదా, స్టాటిక్ అంటారాయన’ అంది.

బావగారు ఇంకేం మాట్లాడలేదట. మెయిన్ ఆపేసి, మల్టీమీటర్ తెమ్మని, డబ్బా ముందు స్టూలేసుక్కూర్చున్నారు. సాయంత్రం దాకా లేవలేదు.

ఆ ఇల్లు పాతది. బట్టలు ఆరబెట్టే డ్రయ్యర్ కోసం గోడలో ఉన్న 240 వోల్టుల సాకెట్‌కి మూడే కన్నాలు. రెండు లైవ్, ఒక న్యూట్రల్. ఎర్త్ లేదు! అమెరికా విద్యుత్ నిబంధనలు 1996 నుంచి కొత్తగా వేసే డ్రయ్యర్ లైన్లకు నాలుగు తీగలు ఉండాలంటున్నాయి. అంతకు ముందు ఇళ్లలో మూడే. మావాడు ప్యానెల్ ప్లగ్గు అందులోనే గుచ్చాడు. ఎర్త్ లేదు కదా అని, డబ్బాకీ గుండిగలకీ వేసిన పచ్చ తీగల్ని తీసుకెళ్లి న్యూట్రల్‌కే బిగించాడు. పాత డ్రయ్యర్లకు అలాగే ఉంటుందని ఎక్కడో చదివాడట.

మామూలప్పుడు ఏమీ కాదు. కానీ సాకెట్ లోపల న్యూట్రల్ స్క్రూ సడలింది. బావగారు ఊడదీసి చూస్తే ప్లాస్టిక్ గోధుమ రంగుకు మాడి ఉంది. ఇప్పుడు పంపు వేశారనుకోండి. పంపులోంచి వచ్చిన కరెంటు న్యూట్రల్ గుండా వెనక్కి వెళ్లాలి. దారి సరిగా లేదు. ఆ తెల్ల తీగకే కట్టిన పచ్చ తీగ ఉందిగా... దాన్ని పట్టుకుని గుండిగ మీదికొచ్చి నిలబడింది. కాపాడాలని వేసిన తీగే కరెంటును మోసుకొచ్చి కుళాయిలో పెట్టింది! కోడలి కాళ్లకు ఆ రోజు రబ్బరు చెప్పులున్నాయి. తడినేల మీద ఉత్తికాళ్లతో ఉండి ఉంటే?

ఇంతకన్నా ఘోరం మరోటుంది. మొదట్లో మావాడు జీఎఫ్‌సీఐ పెట్టాడు. వేడినీళ్ల తొట్ల కోసం అక్కడి హార్డ్‌వేర్ షాపుల్లో ‘స్పా ప్యానెల్’ అని దొరుకుతుంది. ఇంట్లో బీరు కాసేవాళ్లు చాలామంది దాన్నే కొంటారు. హీటరు వేస్తే బాగానే ఉండేది. పంపు వేయగానే ఠప్పుమని పడిపోయేది. నాలుగుసార్లు చూసి ‘ఇది డిఫెక్టివ్ పీస్’ అని తేల్చేసి, ఊడబీకి అటకెక్కించాడు.

దాని పని ఎంత సులువైనదో చూడండి. వెళ్లిన కరెంటు, తిరిగొచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా లేదా అన్నదొక్కటే దాని లెక్క. తీగలన్నీ ఓ చిన్న ఇనప ఉంగరంలోంచి దూరి వెళతాయి. తేడా 5 మిల్లీ ఆంపియర్లు దాటితే, ఆ కాస్తా ఇంకెక్కడినుంచో, బహుశా ఓ మనిషి ఒంట్లోంచి, పోతోందని లెక్క. వెంటనే తెంచేస్తుంది. మావాడి ప్యానెల్‌లో న్యూట్రల్, ఎర్త్ ముడిపడి ఉన్నాయి కాబట్టి పంపు కరెంటులో కొంత ఎర్త్ తీగలోంచి దొడ్డిదారిన వెళ్లిపోతోంది. హీటరుకు న్యూట్రల్‌తో పనిలేదు కాబట్టి అది వేసినప్పుడు లెక్క సరిపోయింది. పాపం ఆ యంత్రం నాలుగుసార్లూ నిజమే చెప్పింది.

దీన్ని కనిపెట్టింది కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో, బర్క్‌లీలో పనిచేసిన ప్రొఫెసర్ చార్లెస్ డాల్జియెల్. 1960లలో. అంతకుముందు ఆయన స్వచ్ఛందంగా ముందుకొచ్చినవాళ్ల చేతికి తీగనిచ్చి, కరెంటు మెల్లగా పెంచుతూ ఎంతవరకు దాన్ని వదిలించుకోగలరో కొలిచాడు. మగవాళ్లకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్లకు పదిన్నర. అది దాటితే చేతి కండరాలు బిగుసుకుపోయి వదలాలన్నా వదల్లేం. ‘కరెంటు పట్టేసుకుంది’ అంటాం చూడండి, అది అక్షరాలా ఇదే. ఆంపియర్‌లో వెయ్యో వంతు మిల్లీ ఆంపియర్. మావాడి హీటరు తాగేది 23 ఆంపియర్లు!

మన బకెట్లోనూ అదే హీటరు

ఇదంతా అమెరికా గోల అనుకుంటే పొరపాటు. చలికాలం వచ్చిందంటే మన పేపర్లలో ఏదో ఓ మూల వార్త ఉంటుంది... హీటరు పెట్టిన బకెట్లో చెయ్యి పెట్టి ఫలానావారు చనిపోయారని. ఇనప బకెట్టు, అందులో వాటర్ హీటర్ రాడ్, ఎర్త్ లేని రెండు పిన్నుల ప్లగ్గు. బీరు గుండిగకీ దీనికీ తేడా ఏముంది? రాడ్ పై తొడుగు పగిలితే నీళ్లలోకి కరెంటు దిగుతుంది. స్విచ్చి న్యూట్రల్ తీగకు ఉంటే ఆపినా దిగుతూనే ఉంటుంది. గోడలోంచి ప్లగ్గు పీకేశాకే నీళ్లు ముట్టుకోవాలి. స్విచ్చిని నమ్మకూడదు.

మన ఇళ్లలో జీఎఫ్‌సీఐకి చుట్టం ఆర్‌సీసీబీ. సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల దగ్గర తెంచుతుంది. దాని ఒంటిమీద ‘టి’ అని చిన్న బటన్ ఉంటుంది. నొక్కితే పడిపోవాలి. మీ ఇంట్లో ఉందో లేదో, ఉంటే చివరిసారి ఎప్పుడు నొక్కారో ఓసారి గుర్తుచేసుకోండి. బావగారి మాటల్లో చెప్పాలంటే ‘ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని’. వైరింగు చేసేవాళ్లు మొదటిదాన్ని మర్చిపోరు. డబ్బు మిగులుతుందని రెండోదాన్ని దాటేస్తారు.

బీరు సంగతి మీరు చూసుకోండి!

మరుసటివారం లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ వచ్చాడు. మెయిన్ బోర్డు నుంచి నాలుగు తీగల కొత్త లైను, 30 ఆంపియర్ల బ్రేకర్, 10 గేజీ రాగి తీగ. 5,500 వాట్లను 240తో భాగిస్తే 22.9 ఆంపియర్లు. గంటలకొద్దీ నడిచే లోడు బ్రేకర్ సామర్థ్యంలో 80 శాతం మించకూడదన్నది అక్కడి నియమం. 30లో 80 శాతమంటే 24. అందుకే ఈ హాబీలో 5,500 వాట్ల హీటరు అంత ప్రసిద్ధి. అలాంటివి రెండు ఒకేసారి వేయడానికి ఆ లైను చాలదు. అందుకని మూడు స్థానాల స్విచ్చి పెట్టారు. ఇటు తిప్పితే వేణ్నీళ్ల గుండిగ, అటు తిప్పితే కషాయం మరిగే గుండిగ, మధ్యలో రెండూ ఆఫ్.

డబ్బా లోపలి పని తండ్రీ కొడుకులదే. న్యూట్రల్ బార్ విడిగా, ఎర్త్ బార్ విడిగా. హీటరుకు రెండు తీగల్నీ తెంచే కాంటాక్టర్. ప్రతి తీగ కొసకూ లగ్గు. డబ్బాను గుండిగల పైనుంచి తీసి, ఆవిరి తగలకుండా పక్కగోడకు మార్చారు. డబ్బాలోకి వెళ్లే తీగలు కాస్త కిందికి వేలాడి మళ్లీ పైకి ఎక్కేలా వంచారు. తీగమీద జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది తప్ప లోపలికి పోదు. వర్షాకాలం సర్వీసు వైరుకు మన లైన్‌మన్లు చేసే పనే ఇది. ‘వీళ్ల పుస్తకాల్లోనూ రాశారే’ అని బావగారు ముచ్చటపడ్డారు. కొడుకుతో మాత్రం ఒకటే మాట... ‘బీరు సంగతి నువ్వూ నీ పెళ్లామూ చూసుకోండి. ఎర్తు సంగతి నాకొదిలేయ్.’

అటక మీంచి స్పా ప్యానెల్ దిగొచ్చింది. శనివారం మళ్లీ గుండిగలు ఎక్కాయి. ముందు టెస్ట్ బటన్ నొక్కారు, పడింది. మళ్లీ ఎత్తారు. హీటరు వేశారు. ఆ తర్వాత పంపు. అందరూ ఊపిరి బిగబట్టి చూశారు. పడలేదు. తెరమీద అంకె మెల్లగా పాకుతూ 67 దగ్గర ఆగింది. గంటయ్యాక కుళాయిలోంచి దిగిన తొలి కషాయాన్ని కోడలు గ్లాసులో పట్టిచ్చింది. హాప్సూ ఈస్టూ పడకముందు అందులో మత్తేమీ ఉండదు. బావగారు చప్పరించి చూసి, ‘రాగిజావలో బెల్లం ఎక్కువైనట్టుందమ్మా’ అన్నారట. రెండో గ్లాసూ అడిగారని మేనల్లుడు నాకు ఫోన్‌లో నవ్వుతూ చెప్పాడు.

ఆ బీరు పులిసి, సీసాల్లోకెక్కి, తాగడానికి తయారయ్యేసరికి బావగారు తిరిగొచ్చేశారు. మొన్నామధ్య వాళ్లింటికి వెళితే కొడుకుతో వీడియో కాల్‌లో ఉన్నారు. వాడు గ్లాసు చూపిస్తూ రంగు ఎంత బాగా వచ్చిందో చెప్పబోతున్నాడు. ఈయన మధ్యలోనే అందుకున్నారు.

‘అది సరేగానీ, టెర్మినల్ స్క్రూలు మళ్లీ ఓసారి బిగించావా? వేడెక్కి చల్లారితే సడలతాయని చెప్పానా? మెయిన్ ఆపి చూడు.’